కూలబోయే పందిరికి గుంజ ఎటు పెడతాం: 52 ఏళ్ల లెక్కల టీచర్ మోడల్ విమానం నేర్చుకున్న కేసు

నవంబరు మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకు ఒకావిడ స్కూటీ మీద మా పొలం దగ్గరికి వచ్చారు. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరు. వయసు 52. సైన్స్ ఫెయిర్ కోసం పిల్లలతో థర్మకోల్ గ్లైడర్లు చేయించారట. అవి స్కూలు గ్రౌండు దాటి ఎగిరిన రోజు నుంచి ఆమెకు ఆ ధ్యాసే. గంటసేపు గట్టు మీద కూర్చుని, ఇంజినీరింగ్ కుర్రాళ్లు విమానాలు ఎగరేయడం చూసి, చివరికి దగ్గరికి వచ్చి అడిగారు.

"బాబూ, ఈ వయసులో నాకు వస్తుందా?"

"తప్పకుండా వస్తుంది టీచర్ గారూ" అన్నాను.

నేను ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ నేర్చుకున్నవాణ్ణి. పన్నెండేళ్లుగా అనంతపురం చుట్టుపక్కల కాలేజీ పిల్లలకు రేడియో కంట్రోల్ విమానాలు నేర్పుతున్నాను. యాభై దాటినవాళ్లకు నేర్పడం మాత్రం ఇదే మొదలు. ఆమె అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. పెద్దవయసులో నేర్చుకునేవాళ్లకు చేతులు మందగిస్తాయని అందరూ అంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఈ నాలుగు నెలల్లో ఆమె చేతులు ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. ప్రతిదాన్నీ ఆలోచించి, సరిచూసుకుని చేసే ముప్పై ఏళ్ల అలవాటు అడ్డం వచ్చింది. రెండుసార్లు నేనే అడ్డం వచ్చాను.

పొలం గురించి రెండు మాటలు. అనంతపురంలో గాలి సామాన్యమైనది కాదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే నైరుతి గాలిలో కొత్తవాళ్ల చేతికి విమానం ఇవ్వను. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పొద్దున ఎనిమిది లోపు, ఆకు కదలదు. వేరుశనగను వేళ్లతో సహా పీకేస్తారు కాబట్టి కోత తర్వాత చేను చదునుగా, మొదళ్లు లేకుండా మిగులుతుంది. మెత్తటి ఎర్ర ఇసుక నేల. దిగడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. 2021 డ్రోన్ నిబంధనలు వచ్చాక ఎక్కడ ఎగరేయాలన్నా ముందు ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాప్ చూడాలి. మా పొలం ఆకుపచ్చ జోన్‌లో ఉంది, అంటే నేల నుంచి 400 అడుగుల లోపు ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయొచ్చు. మేం ఎగరేసేది అందులో సగం ఎత్తు కూడా ఉండదు. ఇక గొర్రెల మంద వస్తే, ఎవరు ఎంత మంచి ఊపులో ఉన్నా సరే, విమానం దించేయాలి. ఇది నేను పెట్టుకున్న నియమం.

మొదటి రెండు వారాలు ఆమెకు రేడియో, అంటే చేతిలో పట్టుకుని విమానాన్ని నడిపే రిమోట్, ఇవ్వలేదు. చేత్తో విసిరే గ్లైడర్ ఇచ్చాను. రెక్క కింద, ముందు అంచు నుంచి వెడల్పులో పావు వంతు దూరంలో రెండు వేళ్లు ఆనిస్తే గ్లైడర్ తూగాలి. వేళ్లు ఇంకా వెనక్కి జరిపితే తప్ప తూగడం లేదంటే తోక బరువైందని లెక్క. అప్పుడు ముక్కుకు బంకమట్టి అంటించాలి. 1871లో పారిస్‌లోని ట్యుయిలరీ తోటలో ఆల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి ఆవిష్కర్త రబ్బరు బ్యాండు మెలికతో చిన్న విమానాన్ని ఎగరేసి చూపించాడు. తోక ముందు అంచు కొంచెం కిందికి ఉండేలా అమరిస్తే మనిషి చేయి లేకుండానే విమానం తనంతట తాను సర్దుకుంటుందని ఆయన అందులో నిరూపించాడు. టీచర్ గారికి ఇది చెప్పినప్పుడు ఆమె గ్లైడర్‌ను మళ్లీ మళ్లీ విసిరి, ముక్కు లేవడం, వేగం తగ్గడం, ముక్కు దిగడం, వేగం పెరగడం గమనించి, "అయితే ఇది నా సహాయం లేకుండా ఎగరగలదు" అన్నారు. ఆ మాట ఆమె గుర్తుంచుకుని ఉంటే మా ఇద్దరికీ నెల రోజులు కలిసొచ్చేది.

ఆమె నేర్చుకున్న విమానం నేను ఫోమ్ బోర్డుతో చేసింది. రెక్క కొస నుంచి కొసకు 1.2 మీటర్లు, వెడల్పు 20 సెంటీమీటర్లు, బ్యాటరీతో కలిపి 780 గ్రాములు. రెక్క ఒంటికి పైన ఉంటుంది, రెండు కొసలూ కొంచెం పైకి వంగి ఉంటాయి. రెక్కను ఒంటికి రబ్బరు బ్యాండ్లతో కడతాం. పడినప్పుడు రెక్క విరగకుండా ఊడిపోవడానికి ఆ ఏర్పాటు. ఇలాంటిది గంటకు 40 కిలోమీటర్ల వేగంతో హాయిగా పోతుంది. దాదాపు 25 కంటే తగ్గితే రెక్క గాలిని వదిలేస్తుంది, అంటే విమానాన్ని ఇక మోయలేదు. మూడు సెల్‌ల లైపో బ్యాటరీతో ఎనిమిది నిమిషాలు ఎగురుతుంది. బ్యాటరీల విషయంలో ఆమె నాకంటే జాగ్రత్త. వరండాలో మట్టికుండలో పెట్టి, పక్కనే కుర్చీ వేసుకుని చార్జ్ చేస్తారు. వారం దాకా వాడనని తెలిస్తే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఆపేస్తారు.

రాత్రిపూట ఇరవై నిమిషాలు కంప్యూటర్‌లో సిమ్యులేటర్ సాధన. అందులో ఆమె త్వరగానే గుండ్రంగా తిప్పడం నేర్చుకున్నారు.

నవంబరు చివర్లో పొలంలో మొదటి ఫ్లైట్. రెండు రేడియోలను కేబుల్‌తో కలిపాం. నా రేడియో మీద ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని వేలితో పట్టి ఉంచినంతసేపూ విమానం ఆమెది, వదిలితే నాది. దూరంగా పోతున్నంతసేపూ చక్కగా నడిపారు. మలుపు తిప్పి మా వైపు వస్తుండగా ఎడమ, కుడి తారుమారయ్యాయి. విమానం మనకు ఎదురుగా వస్తున్నప్పుడు దాని కుడి రెక్క మన ఎడమ చేతి వైపు ఉంటుంది కదా. మొదటి ఎనిమిది నిమిషాల్లో పద్నాలుగు సార్లు స్విచ్ వదిలాను. పద్నాలుగూ ఎదురుగా వస్తున్నప్పుడే.

కొత్తవాళ్లందరికీ ఇది జరుగుతుంది. కాలేజీ కుర్రాళ్లు రెండు మూడు ఆదివారాలు తప్పులు చేసి, ఎలాగో తెలియకుండానే దాటేస్తారు. టీచర్ గారు దాటలేదు. డిసెంబరు మొదటి ఆదివారం కూడా అవే తప్పులు. నేను చెప్పే మాట ఒకటే: "మీరు విమానంలో కూర్చున్నట్టు ఊహించుకోండి." పన్నెండేళ్లుగా అందరికీ చెప్తున్న మాట అది. ఆమెకు అది పనిచేయడం లేదని నాకు కనిపిస్తూనే ఉంది, అయినా గొంతు పెంచి అదే చెప్పాను. ఇది నేను అడ్డం వచ్చిన మొదటి సందర్భం.

విమానం దించాక నీడలో కూర్చోబెట్టి, ఎదురుగా వస్తున్నప్పుడు మనసులో ఏం జరుగుతోందో చెప్పమన్నాను. ఆమె ఎంతో నిజాయితీగా చెప్పారు.

"ముందు అది వస్తోందా పోతోందా అని చూస్తాను బాబూ. వస్తోందంటే గుర్తు మార్చాలి, మైనస్ ఒకటితో గుణించినట్టు. ఎడమ కావాలంటే కుడి. తర్వాత నెడతాను. సరిపోయిందా అని చూస్తాను. లేదంటే ఇంకొంచెం."

లెక్క తప్పు లేదు. కాలం సరిపోవడం లేదు. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. ఆమె గుణకారం ముగిసేసరికి విమానం మా తలల మీదికి వచ్చేసి, రెక్క నిలువుగా వాలిపోయేది. ఊహించుకోమని నేను చెప్పిన మాట ఆ లెక్కకు ఇంకో మెట్టు చేర్చింది, అంతే.

పాత పద్ధతి ఒకటి ఉంది: ఎదురుగా వస్తున్నప్పుడు, ఏ రెక్క వాలుతూ కనిపిస్తుందో ఆ వైపుకే స్టిక్‌ను (రేడియో మీద వేలితో కదిపే చిన్న పుల్లను) నెట్టాలి. ఎడమా కుడీ అనే మాటే లేదు. ఇది చెప్పగానే ఆమె ఎందుకని అడిగారు. నేను బొమ్మ గీయబోయాను. ఆమె గీయనివ్వలేదు. కాసేపు పొలం గట్టు మీదున్న చిక్కుడు పందిరి వైపు చూశారు. దాని ఒక మూల నేలకు వంగి ఉంది.

"కూలబోయే పందిరికి గుంజ ఎటు పెడతాం? కూలే వైపే కదా!" అన్నారు.

ఆ తర్వాతి ఫ్లైట్‌లో స్విచ్ మూడుసార్లే వదిలాను. విమానం మలుపు తిరిగి మా వైపు రాగానే ఆమె పెదవులు కదిలేవి. "గుంజ, గుంజ" అనుకుంటున్నారు. ఆ చిన్న మాటలో గుణకారానికి చోటు లేదు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ, పద్దెనిమిదేళ్ల కుర్రాడికైనా సరే, పందిరి మాటే చెప్తున్నాను. విమానంలో కూర్చోబెట్టడం మానేశాను.

డిసెంబరు మూడో ఆదివారం విమానం కూలింది. దీన్ని వివరంగా రాయాలి.

అంతకుముందు వారం రెక్కలోని సర్వో పాడైంది. రెక్క వెనక అంచు పలకలను కదిపే తొమ్మిది గ్రాముల చిన్న మోటారు అది, లోపల నైలాన్ పళ్లు విరిగాయి. శనివారం రాత్రి నా దగ్గరున్న వేరే సర్వో బిగించాను. పొద్దున ఒక విద్యార్థి విమానాన్ని చేత్తో విసిరాడు, రేడియో టీచర్ గారి చేతిలో ఉంది. రెండు నిలువుల ఎత్తు లేచాక ఎడమ రెక్క కొంచెం వాలింది. అప్పుడు విమానం మా నుంచి దూరంగా పోతోంది. ఆమె కుడికి నెట్టారు. ఎడమ రెక్క ఇంకా వాలింది. నేను స్విచ్ వదిలి, నేనూ కుడికే నెట్టాను. విమానం పూర్తిగా ఎడమకు ఒరిగి, ముక్కు నేలలో దిగింది. ప్రొపెల్లర్ తిప్పే మోటారు ఊడి ఐదడుగుల అవతల పడింది.

ఆమె రేడియోను నెమ్మదిగా కింద పెట్టారు. "వస్తున్నప్పటి గుంజ పోతున్నదానికి పెట్టాను బాబూ. నా బుర్రలో మళ్లీ కలిసిపోయింది" అన్నారు.

నేను కాదనలేదు. నిజానికి నేనూ అదే అనుకున్నాను. నేను కూడా కుడికే నెట్టానన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఆమె ముక్కలు ఏరడంలో సాయం చేసి, "పిల్లల పరీక్షలు దగ్గరపడుతున్నాయి, కొన్నాళ్లు రాలేనేమో" అని చెప్పి వెళ్లిపోయారు. ఇరవై ఏళ్ల కుర్రాడి విమానం కూలితే వాడు ముక్కలతో ఫోటో దిగుతాడు, సాయంత్రానికి గ్లూ గన్ వేడిచేస్తాడు. యాభై దాటినవాళ్లకు అది తమ వయసు గురించి ఎవరో చెప్పిన తీర్పులా వినిపిస్తుంది. ఆమె స్కూటీ వెనక్కి తిప్పుతున్నప్పుడు భుజాలు వాలిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

సాయంత్రం బల్ల మీద రెక్కను పెట్టి, ఏది మిగిలిందో చూద్దామని బ్యాటరీ తగిలించాను. స్టిక్ కుడికి నెట్టాను. కుడికి నెడితే రెక్క వెనక అంచున ఉండే కుడి పలక (ఎయిలరాన్) పైకి లేవాలి. అది కిందికి దిగింది. నేను బిగించిన కొత్త సర్వో పాతదానికి ఎదురు దిశలో తిరిగే రకం. రేడియోలో ఆ చానల్‌ను తిరగేయాలి, నేను తిరగేయలేదు. విసిరే ముందు ఒక్కసారి స్టిక్ కదిపి చూసినా తెలిసేది. నా విద్యార్థులు అలా చూడకపోతే వాళ్లను ఆ రోజు ఎగరనివ్వను. నేను చూడలేదు.

రాత్రి ఎనిమిదికి రెక్క, రేడియో సంచిలో వేసుకుని వాళ్లింటికి వెళ్లాను. వరండాలో కూర్చుని పేపర్లు దిద్దుతున్నారు. ఏమీ చెప్పకుండా రేడియో ఆమె చేతికిచ్చి, కుడికి నెట్టమన్నాను. నెట్టారు. మధ్యలోకి తెచ్చి మళ్లీ నెట్టారు. మూడోసారి కళ్లజోడు సర్దుకుని, దగ్గరికి వంగి చూశారు.

"అయితే నేను సరిగ్గానే నెట్టాను కదా!"

"సరిగ్గానే నెట్టారు టీచర్ గారూ. తప్పు నాది. పొద్దునే చెప్పాల్సింది, నాకు తెలియలేదు."

ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లి, అక్కడి నుంచే వచ్చే ఆదివారం ఎన్నింటికి రావాలో అడిగారు. ఆ రోజు నుంచి ప్రతి ఫ్లైట్‌కు ముందు విమానం వెనక నిలబడి, తరగతిలో ఎక్కాలు చెప్పించినట్టు పైకి చెప్తూ సరిచూస్తారు: "కుడికి నెట్టాను, కుడిది పైకి. ఎడమకు నెట్టాను, ఎడమది పైకి. నా వైపు లాగాను, తోక అంచు పైకి." చుట్టూ ఉన్న కుర్రాళ్లకూ ఆ పద్ధతి అంటుకుంది.

జనవరిలో ఇంకో చిక్కు వచ్చింది. ఎత్తు నలభై మీటర్లు దాటితే ఆమె విమానాన్ని పోగొట్టుకునేవారు. ఉన్నట్టుండి "కనబడటం లేదు" అనేవారు. తెల్లటి చలికాలం ఆకాశంలో తెల్లటి ఫోమ్ కనపడకపోవడం మామూలే. అందుకని రెక్క పైభాగానికి పసుపు రంగు టేపు, కింద ఎడమ రెక్కకు వెడల్పాటి నల్ల టేపు అంటించాం. దాంతో వాలు తెలిసింది, మసక పోలేదు. ఒక ఆదివారం విమానాన్ని నేనే నడుపుతూ, విమానాన్ని వదిలి ఆమె ముఖాన్ని గమనించాను. విమానం పైకి పోయేకొద్దీ ఆమె గడ్డం పైకి లేస్తోంది. అప్పుడు అర్థమైంది. ఆమెవి ప్రోగ్రెసివ్ అద్దాలు. పైభాగం దూరానికి, కిందిభాగం చదువుకోవడానికి. తల మరీ వెనక్కి వాల్చి పైకి చూస్తే చూపు అద్దం కిందిభాగంలోంచి పోతుంది. అంటే నూట ముప్పై అడుగులకు పైన ఉన్న విమానాన్ని ఆమె పుస్తకం చదివే అద్దంతో వెతుకుతున్నారు.

"గడ్డం దించి, కనుగుడ్లు మాత్రమే పైకెత్తండి" అన్నాను. దించారు. "అదుగో!" అన్నారు, చిన్నపిల్లలా.

తర్వాతి వారం కేవలం దూరపు చూపు కోసం వేరే జోడు చేయించుకున్నారు. దాంతో రేడియో తెరమీది అంకెలు కనపడవు. టైమర్‌ను ఆరు నిమిషాలకు బీప్ మోగేలా పెట్టాం. పద్దెనిమిదేళ్లవాడికి నేర్పేటప్పుడు కళ్లజోడు సంగతి అడగాలని నాకు ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు నలభై దాటినవాళ్లు ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న అదే.

ఇక దిగడం. ఇక్కడ ఆమె లెక్కల బుర్ర నిజంగా కలిసొచ్చింది. కొత్తవాళ్లకు నేల దగ్గరపడగానే చేయి దానంతట అదే స్టిక్‌ను వెనక్కి లాగుతుంది. ముక్కు లేస్తుంది, వేగం పడిపోతుంది, రెక్క గాలిని వదిలేస్తుంది, విమానం ఒక పక్కకు పడుతుంది. గ్లైడర్ విసిరిన రోజుల్లో ఆమె స్వయంగా చూసిందే ఇది. "ఎత్తు తగ్గాలంటే థ్రాటిల్, వేగం మారాలంటే ఎలివేటర్" అని చెప్పి వదిలేశాను. థ్రాటిల్ మోటారు జోరును మారుస్తుంది, ఎలివేటర్ అంటే తోక అంచు పలక. ఆమె దించకుండానే పది సార్లు వేప చెట్టు పక్కనుంచి కిందికి వచ్చి, నడుము ఎత్తులో పొలం మీదుగా పోయి, మళ్లీ లేచారు. ప్రతిసారీ థ్రాటిల్ ఎన్ని గీతలు తగ్గించారో మనసులో పెట్టుకున్నారు. పదకొండోసారి మోకాలి ఎత్తులో థ్రాటిల్ పూర్తిగా తీసేసి, స్టిక్‌ను వేలి గోరంత వెనక్కి లాగి, అలాగే పట్టుకున్నారు. విమానం ఎర్ర దుమ్ము లేపుతూ జారి, గట్టుకు పదడుగుల ఇవతల ఆగింది. నేను స్విచ్ వదలలేదు.

అప్పటికీ ఒక లోపం మిగిలింది. గాలిలో అంతా బాగున్నా ఆమె వేళ్లు ఊరుకునేవి కావు. దిద్దడం, దిద్దినదాన్ని దిద్దడం. విమానం చిన్న చిన్న ఊపులతో పోయేది. ఫిబ్రవరి మొదటి ఆదివారం, అరవై మీటర్ల ఎత్తులో, స్టిక్ నుంచి బొటనవేలు పూర్తిగా తీసేయమన్నాను. ఆమె నా వైపు చూశారు. "మీరే అన్నారు కదా, ఇది మీ సహాయం లేకుండా ఎగరగలదని" అన్నాను. తీసేశారు. విమానం ఒకసారి ముక్కు ఊపి, సర్దుకుని, తిన్నగా పోయింది. ఆరేడు సెకన్లు. అంతసేపు ఆమె ఊపిరి బిగబట్టారు. మళ్లీ వేలు ఆనించినప్పుడు ఆ వేలి బరువు మారిపోయింది. ఊపులు పోయాయి. ఈ పని మొదటి ఫ్లైట్‌లోనే చేయించాల్సింది. ఇప్పుడు అలాగే చేయిస్తున్నాను. కొత్తవాళ్లు స్టిక్ కదపడం నేర్చుకోకముందే, చేయి తీసేస్తే ఏం జరుగుతుందో చూస్తారు.

ఫిబ్రవరి మూడో ఆదివారం కేబుల్ తీసేశాను. రేడియో ఒక్కటే, ఆమె చేతిలో. నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎక్కాలు చెప్పినట్టు సరిచూసుకున్నారు. కుర్రాడు విసిరాడు. ఎడమ మలుపు, గాలికి ఎదురుగా, మళ్లీ ఎడమ. వేప చెట్టు మీద రెండు గద్దలు తిరుగుతుంటే వాటికి దూరంగా తిప్పారు. బీప్ మోగింది. మొదటి ప్రయత్నంలో ఎత్తు ఎక్కువైందని తానే వదులుకుని, ఇంకో చుట్టు తిప్పి దించారు. ఆ వదులుకోవడం చూసి నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

ఇప్పుడు ఎనిమిది ఆకారంలో తిప్పుతున్నారు. ఎడమ వైపు మలుపులు గుండ్రంగా వస్తాయి, కుడివైపువి ఇంకా కోలగానే వస్తున్నాయి. గత నెలలో రెండు ప్రొపెల్లర్లు విరిగాయి, రెండూ కుడినుంచి దిగినప్పుడే. జూన్ గాలులు మొదలవకముందే పక్కగాలిలో రడ్డర్ (తోక మీది నిలువు పలక) వాడటం నేర్పాలి. దానికోసం ఆమె తన చేతులతో కొత్త రెక్క కోస్తున్నారు. నిన్న ఫోన్ చేసి ఫోమ్ బోర్డు ఎంత మందం తీసుకోవాలని అడిగారు. ఐదు మిల్లీమీటర్లు అని చెప్పాను.